కొళాయి కొడ్తాండాది

మొన్న మా ఇంట్లో పాత గీజరు తీసేసి కొత్తది పెట్టించినాం. బిగించడానికి వచ్చినాయన పని ముగించుకొని, చేతులు తుడుచుకొని, "ఇంక వాడుకోండి మేడం" అన్నాడు. నేను పోయి కుడిచేతి వేళ్ళ వెనకవైపుతో, నిప్పును తాకినట్టు, కొళాయిని అట్లా తాకి ఇట్లా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన నవ్వాపుకున్నాడు. మా అమ్మాయి మాత్రం ఆపుకోలేదు. "మా అమ్మ అంతేనండీ. ఫ్రిజ్జు తలుపు కూడా ముందు తట్టి, అది పలికితే గానీ తియ్యదు" అంది. అరచేత్తో పట్టుకుంటే కరెంటు మనిషిని వదలదు, వేళ్ళ వెనకతో తాకితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ముప్పై ఏండ్లు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని గాబట్టి ఇది పుస్తకాల్లో చదివి నేర్చుకున్నానని అందరూ అనుకుంటారు. కాదు. ఆళ్ళగడ్డలో మేం అద్దెకున్న ఇంట్లో, ఇంటామె నేర్పించింది.

అది డెబ్బైల చివర. నాకు ఆళ్ళగడ్డలో టీచరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. నాయన అంతకు రెండేండ్ల ముందే పోయినాడు. నంద్యాలలో చర్చి వెనక సందులో ఉన్న మా రెండు గదుల ఇంటికి తాళమేసి, నేనూ అమ్మా రెండు ట్రంకుపెట్టెలతో బస్సెక్కినాం. పెండ్లి కాని పిల్ల, ముండమోసిన తల్లి, మగదిక్కు లేదు, పైగా కిరస్తానం వాళ్ళు. ఆళ్ళగడ్డలో మాకు ఇల్లు దొరకడం ఎంత కష్టమైందో చెప్తే అదొక పెద్ద కథ. ఒక ఇంట్లో బావి ముట్టుకోవద్దన్నారు, ఇంకో ఇంట్లో పాటలు పాడొద్దన్నారు. చివరికి ఒకాయన ఏ ప్రశ్నా వెయ్యకుండా, "కరెంటంటే బయం లేదు గదా మీకు?" అని మాత్రం అడిగినాడు. మేం లేదన్నాం. తమ ఇంట్లోనే ఒక పక్క వాటా తాళంచెవి చేతిలో పెట్టినాడు.

ఆయనకు దొర్నిపాడు పక్క మంచి నల్లరేగడి పొలం ఉండేది గానీ ప్రాణమంతా కరెంటు మీదనే. అందరూ ఆకూవక్కా తిత్తి దోపుకునే చోట ఈయన మూరెడు స్క్రూడ్రైవరు దోపుకునేవాడు. పెండ్లిచూపుల్లో పిల్లను చూపించినట్టు ఇల్లు చూపించినాడు. "ఇదో, ఫ్యాను. ఇది కరెంటు పొయ్యి, కట్టెల బాధ లేదు. పెరట్లో మోటరు, మిద్దె మీద ట్యాంకీ, తిప్పితే నీళ్ళు. ఈ వీదిలో ఇట్లాటి ఇల్లు యాడన్నా ఉంటే చూపియ్ టీచరమ్మా! వైరింగంతా ఈ చేతుల్తోనే చేసుకున్న్యా, ఒకన్ని పిలిచిండ్లా" అని రెండు చేతులూ ముందుకు చాపినాడు. గట్టి చేతులు, వేళ్ళ చివర్లు నల్లగా కాలి కాయలు కాసినాయి. ఆ కాయలెందుకో అప్పుడు నాకు తట్టలేదు. అమ్మయితే ఆ మధ్యాహ్నం బేతంచెర్ల నాపరాళ్ళ మీద కొంగు పరుచుకొని ఫ్యాను కింద పండుకొని, "యేసయ్యా, ఇంత గాలి నాకొక్కదానికేనా" అని సిగ్గుపడింది.

ఆ గాలి ముచ్చట నెల తిరక్కుండానే తీరింది. ఫ్యాను మూడు మీద పెడితే తిరుగుతుంది, నాలుగు మీద పెడితే కాలిన గుడ్డ వాసన. కరెంటు పొయ్యి మీద గిన్నె దించేటప్పుడల్లా అమ్మకు చెయ్యి జివ్వుమని లాగేది. వాయునొప్పులనుకొని వావిలాకు కాచి పోసుకొనేది. ఆకు కాచేది కూడా ఆ పొయ్యి మీదనే గాబట్టి నొప్పి మళ్ళీ వచ్చేది. నాకు అనుమానం వచ్చి ఒకరోజు గిన్నె నేను దించినాను. మోచేతి దాకా ఎవరో చీపురుపుల్లతో కొట్టినట్టయింది. "అమ్మా, ఇది వాయువు కాదు" అన్నాను. ఆ రోజు నుంచి పొయ్యి మూలకు పోయింది, కట్టెలు వచ్చినాయి.

కొళాయి సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. ఒక పొద్దున అమ్మ సబ్బుచేతులతో కొళాయి తిప్పబోయి, "అమ్మో" అని కూడా అనకుండా వెనక్కి ఎగిరి పడింది. బండ అంచు తగిలి మోచెయ్యి చీలి రక్తం కారుతుంటే, నేను పట్టుకొని లేపుతుంటే, ఆమె పెదాలు తెల్లగా పాలిపోయినాయి. పెరట్లో మోటరు గుయ్యిమని తిరుగుతానే ఉంది.

ఇంటాయనను పిలిచినాను. వచ్చినాడు. రబ్బరు చెప్పులతోనే వచ్చి, కొళాయిని పిడికిటినిండా పట్టుకొని, "యాడ కొడ్తాండాది? చూడు, పట్టుకోనే ఉండా గదా!" అన్నాడు.

"చెప్పులిడ్సి పట్టుకోండన్నా" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "నా ఇంట్లో నన్ను చెప్పులిడ్వమంటావా? ఆడోళ్ళకు కరెంటంటే బయం టీచరమ్మా. బయం ఉంటే తాడు కూడా కొడ్తాది." అని పోయినాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను మరీ విస్తుపోయేట్టు చేసింది. తన చేతులతో పెట్టిన తీగ మనిషిని కొడుతుందంటే ఆయనకు నిజంగానే నమ్మకం కలగలేదు.

ఆ సాయంత్రం ఆయన భార్య మా గడప దగ్గరికి వచ్చింది. ఆయనను అన్నా అంటున్నాం గాబట్టి ఆమె నాకు వదిన. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నంత పొదుపు మనిషి. అమ్మ మోచేతికి పసుపు అద్ది, నా చెయ్యి పట్టుకొని వేళ్ళు ముడిచి చూపించింది. "ఇట్ల ఎనకేళ్ళతో ముట్టుకోని చూడల్ల ముందు. మోటరు తిరుగుతాంటే దేన్నీ తాకాకండి. నిలబడినాక తాకండి" అంది. "మీకూ కొడ్తాందా వదినా?" అని అడిగినాను. ఆమె పెరటి వైపు చూసి, "పొయ్యి మీద పాలుండాయి" అని వెళ్ళిపోయింది.

మా మేనమామ నంద్యాలలో వైర్‌మన్. ఆదివారం చర్చికి పోయినప్పుడు చెప్తే మరుసటి వారమే టెస్టరు జేబులో పెట్టుకొని దిగినాడు. మోటరు వేయించి కొళాయికి టెస్టరు ఆనించగానే దాంట్లో దీపం ఎర్రగా వెలిగింది. మామ దాన్ని ఇంటాయనకు చూపించినాడు. ఇంటాయన ఆ టెస్టరు లాక్కొని, తిప్పి తిప్పి చూసి, "ఇది చెడిపొయిండాది" అన్నాడు. మామ నెమ్మదస్తుడు. "చెడిపోతే వెలగదు గదన్నా" అన్నాడు. "ఏందప్పా, నా ఇంటికొచ్చి నా పని తప్పంటాండావ్? నువ్వు నేర్చకముందే ఈ వీదికి కరెంటు తెచ్చినోన్ని నేను!" మామను గేటు దాకా ఆయనే సాగనంపినాడు. బస్టాండులో మామ నాతో, "ఇల్లు మారండి పాపా, బేగా మారండి" అన్నాడు. మారడానికి ఇల్లేది? అమ్మ కొళాయికి గుడ్డ చుట్టేసి, పెరటి బావిలో చేద వేసుకొని నీళ్ళు తోడుకునేది. కాళ్ళ కింద ఒక చెక్క. అట్లా ఆరేడు నెలలు గడిపినాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధైర్యానికి సిగ్గేస్తుంది.

వాళ్ళకు ఒక బర్రె ఉండేది. పెరట్లో కొట్టం, కొట్టానికి ఒక ఇనుప కంబం. మోటరు నుంచి మిద్దె మీద ట్యాంకీకి పోయే పైపు ఆ కంబాన్ని కరుచుకునే పైకి పోయేది. బర్రెను ఆ కంబానికే కట్టేవాళ్ళు. పొద్దున్నే వదిన పాలు పిండేది. ఆమె పిండడం అయ్యి, గిన్నె తీసుకొని నాలుగడుగులు ఇవతలికి వచ్చి చెయ్యి పైకెత్తేది. అరుగు మీద స్విచ్చు దగ్గర కాచుకొని ఉన్న ఇంటాయన అప్పుడు మోటరు వేసేవాడు. దినమూ చూసేదాన్ని. "ఎందుకన్నా అట్ల?" అని ఒకసారి అడిగితే, "మోటరు సద్దుకు బెదిరి బర్రె పాలు ఎగజేపుతాదంట, కిందికి ఇడ్సదంట. దాని మర్యాద దానిది" అని నవ్వినాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టినాయి. మూడు దినాలు తెరిపి లేదు. కొట్టమంతా అడుసు. బర్రె పలుపుతాడు తెంపుకొని చిక్కుడుపందిరంతా మేసేసింది. ఇంటాయనకు కోపం వచ్చి, వానలోనే అంగడికి పోయి కొత్త ఇనుప గొలుసు తెచ్చి, బర్రె మెడకు వేసి కంబానికి తగిలించినాడు. "ఇప్పుడు తెంపు చూస్తా" అని దాని నొసట తట్టినాడు.

మరుసటి పొద్దున వదిన పాలు పిండింది. గిన్నె తీసుకొని వచ్చింది. మాకిచ్చే పాలు పోయడానికి మా గడప ముందర నిలబడి, ఎప్పటిలాగే చెయ్యెత్తింది. నేను చెంబు పట్టుకొని ఎదురుగా ఉన్నాను. స్విచ్చు టక్కుమంది. మోటరు గుయ్యిమంది. బర్రె అరవలేదు. నాలుగు కాళ్ళూ కొయ్యల్లా బిగుసుకొని, కండ్లు తెరుచుకొనే, గోడ కూలినట్టు పక్కకు పడింది. గొలుసు బిగిసి కంబం ఖంగుమంది. ఇంటాయన "ఏమాయె, ఏమాయె" అని దాని వైపు ఉరికినాడు. వదిన చేతిలో గిన్నె జారిపోయింది. పాలలోనే అడుగులేసుకుంటూ పోయి, ఆయన భుజం పట్టి వెనక్కి లాగి పడేసి, అరుగెక్కి స్విచ్చు ఆపింది. అంత చిన్న మనిషికి అంత బలం ఎక్కడిదో. అప్పటికే బర్రె కదలడం లేదు.

ఆయన ఆ అడుసులో బర్రె తల పక్కన కూలబడినాడు. మెడ నిమురుతా, గొలుసు విప్పుతా, "నోరు లేని జీవాన్ని సంపుకొంటి గదా, నోరు లేని జీవాన్ని" అని ఏడ్చినాడు. మా అమ్మ గడపలో నుంచే అంది, కోపంగా కాదు, మామూలుగానే: "నోరున్నోళ్ళం నలుగురం చెప్తిమి గదప్పా."

"నలుగురెవరు? నువ్వూ నీ కూతురు, ఆ వైర్‌మను..." అని ఆయన తలెత్తినాడు.

వదిన అరుగు మీదనే నిలబడి ఉంది. అప్పుడు మాట్లాడింది. ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "ఇదో, నేను దినామూ చెయ్యెత్తేది బర్రె బెదుర్తాదనుకొంటివా? ఆ కంబం తాకితే నాకు కొడ్తాండె. మూడేండ్లాయె. ఒకపారి చెప్తి, నవ్వితివి. మళ్ల చెప్పలే. నేను బయటికొచ్చినాక మోటరు వేస్తే సాలని, సద్దు అని అబద్దం చెప్తి. తాడుంటే గొడ్డుకేం కాదనుకుంటి. నువ్వు గొలుసు తెస్తివి."

నా చేతిలో చెంబు చల్లగా, బరువుగా ఉండింది. మూడేండ్లుగా దినమూ ఆమె ప్రాణం ఆ ఎత్తిన చేతిమీద ఆధారపడింది. ఒక్కరోజు ఆయన చూపు తప్పినా, పక్కింటి వాళ్ళెవరో చెయ్యెత్తితే ఆమె అనుకొని స్విచ్చు వేసినా, అడుసులో పడి ఉండేది బర్రె కాదు. ఆ సంగతి తెలిసి, తెలిసీ, ఆమె ప్రతి పొద్దూ ఆ కంబం కింద కూచొని పాలు పిండింది. మాకు పోసింది. మేం తాగినాం. ఇంటాయన అయితే ఆమెను చూసిన చూపు నేను చెప్పలేను. ఇరవై ఏండ్లు కాపురం చేసిన మనిషిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసినాడు.

ఆ దినం ఆయన అన్నం తినలేదు. బర్రెను తీసుకుపోయినాక మెయిను పీకేసి, నిచ్చెన వేసుకొని, తాను పెట్టిన తీగలన్నీ తన చేతులతోనే ఊడబెరికినాడు. మా గది తీగలు కూడా. సాయంత్రానికి తీగల కుప్ప దూడంత ఎత్తు అయింది. తెల్లవారి మొదటి బస్సుకు నంద్యాల పోయి, మా మామ ఇంటి ముందర నిలబడినాడంట. మామ తర్వాత చెప్పినాడు: "తిట్టడానికొచ్చినాడేమో అనుకొంటి. 'నాకు రాదు తమ్ముడూ, నువ్వొచ్చి చెయ్యి' అన్యాడు."

మామ నాలుగు దినాలు మా ఇంట్లోనే ఉండి పని చేసినాడు. మోటరు లోపలి చుట్ట పాడై కరెంటు దాని ఒంటికి దిగుతోందని, భూమిలోకి దించాల్సిన ఎర్తు తీగను ఇంటాయన నీళ్ళపైపుకు చుట్టి వదిలేసినాడని, అందుకే ఇంట్లో ఇనుమన్నదంతా కొడుతోందని తేలింది. ఆ మాట మామ అందరి ముందర అనలేదు. ఆయనను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి చెప్పినాడు. పని అయినాక, "వేసి చూడండక్కా" అని వదినను పిలిచినాడు. వదిన కదల్లేదు. మొగుని వైపు చూసి, "ముందు నువ్వు పట్టుకో" అంది.

ఆయన చెప్పులు విప్పినాడు. తడి బండ మీద ఉత్తకాళ్ళతో నిలబడి, మోటరు తిరుగుతుండగా రెండు చేతులతో కొళాయిని పట్టుకొని కండ్లు మూసుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో. మామ "సాలన్నా" అన్నా వదల్లేదు. వదినే పోయి ఆయన చేతుల మీద చెయ్యి వేసి విడిపించింది.

మేం ఆ ఇంట్లో ఇంకా రెండేండ్లు ఉన్నాం. తర్వాత నాకు నంద్యాలకు బదిలీ అయింది. ఈ కథ విన్నప్పుడల్లా మా అమ్మాయి, "అమ్మమ్మ పడిపోయిన రోజే ఆ ఇల్లెందుకు విడిచిపెట్టలేదమ్మా?" అని నిలదీస్తుంది. ఇల్లు దొరకలేదంటాను గానీ, అది సగం మాటే. నాలుగు దినాలు పోతే ఏదైనా దానంతటదే సర్దుకుంటుందని అందరం గట్టిగా నమ్మేవాళ్ళం. అట్లా పోనిచ్చిన దినాల్లో ఏ పొద్దు మాకు ఆఖరిది కావాల్సి ఉండి తప్పిపోయిందో, ఇన్నేండ్ల తర్వాత వెనక్కి తిరిగి ఎంత వెతికినా తెలియడం లేదు.