పసుపు పెట్టిన సీలు కవరు

మొన్న ఆదివారం మా అమ్మ తడి పసుపు అంటిన వేలితో నా ల్యాప్‌టాప్ ముందు నిలబడి, "దీనికి మూలలు యాడున్నయ్ బిడ్డా, యాడ పెట్టాలె?" అని అడిగింది. వచ్చే ఏడు పాపతో సహా మేం ఇంకో దేశం వెళ్తున్నాం. అక్కడి ఇంటర్నేషనల్ స్కూలు దరఖాస్తు నింపుతున్నాను. అందులో కాగితమన్న మాటే లేదు. టీకాల కార్డు, మార్కులు, పాస్‌పోర్టు, అన్నీ ఫోటోలు తీసి ఎక్కించడమే. తెర మీద పెట్టనివ్వలేదని అమ్మ మూతి ముడుచుకుని, ఆ వేలిని ల్యాప్‌టాప్ వీపుకు రాసి మరీ వెళ్లింది. ఆ వాసన తగలగానే నేను మిర్యాలగూడకు, ఆరో తరగతి అయిపోయిన ఎండాకాలానికి వెళ్లిపోయాను.

మా ఇల్లు రైస్ మిల్లుల వెనక వీధిలో ఉండేది. ఏడాది పొడుగునా ఉడికిన వడ్ల వాసన మా దుప్పట్లలో, పుస్తకాల్లో, చివరికి మా జడల్లో కూడా ఉండేది. పొగగొట్టాల నుంచి ఊక బూడిద నల్లగా రాలి ఆరేసిన యూనిఫాం మీద, డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద పడేది. అమ్మ బూడిదనూ, మిల్లు సేట్లనూ, అదే మిల్లుల్లో మెకానిక్‌గా చేసే నాయననూ కలిపి ఒకే ఊపిరిలో తిట్టేది. వానాకాలం కాల్చిన మక్క కంకులు, బతుకమ్మకు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంటి ముందు అరుగు మీద, నాయన పాత బేరింగుల్లోంచి తీసి తెచ్చిన ఇనుప గుండ్లతో అచ్చనగండ్లు. అవి ఎండకు కాలి అరచేయి చురుక్కుమనేది, అయినా ఆట ఆపేవాళ్లం కాదు.

ఆ ఎండాకాలానికి ముందటి చలికాలంలో నాయనకు టాంజానియాలో ఒక రైస్ మిల్లులో ఉద్యోగం వచ్చి ముందుగా వెళ్లాడు. నాకు బడి సీటు దొరికితేనే అమ్మనూ నన్నూ పిలిపించుకోనిస్తామని, లేదంటే ఒప్పందం ప్రకారం మూడేళ్లు ఒక్కడే ఉండాలని కంపెనీ వాళ్లు చెప్పారు. ఆ ఊళ్లో ఉన్నది ఒకటే ఇంటర్నేషనల్ స్కూలు, నా తరగతిలో మిగిలింది ఒకటే సీటు. సీటు వస్తే ముగ్గురం ఒకచోట, రాకపోతే మూడేళ్లు నాయన ఫోన్లోనే. అమ్మ పైకి ఏమీ అనేది కాదు కానీ, అన్నం మాత్రం నాయన ఉన్నట్టే ముగ్గురికి వండి, మిగిలింది పొద్దున పులిహోర చేసేది.

ఇక కాగితాల వేట మొదలైంది. నేను పుట్టింది సూర్యాపేట దవాఖానలో కాబట్టి పుట్టిన సర్టిఫికెట్ కోసం అక్కడికి మూడుసార్లు తిరిగాం. వచ్చిన ప్రతి కాగితానికీ అమ్మ నాలుగు మూలలా పసుపు పెట్టేది. కొత్త నోటుబుక్కుకూ, గ్యాస్ బుక్కుకూ, నాయన బండి కాగితాలకూ పెట్టిన చెయ్యి, వీటిని వదులుతుందా? మార్కుల మెమోలు పెళ్లి శుభలేఖల్లా తయారయ్యాయి.

అన్నిటికన్నా కష్టమైనది, నేనెలాంటి పిల్లనో ఆ స్కూలుకు మా ఇంగ్లీషు సారు రాయాల్సిన ఉత్తరం. ఆయనది కోదాడ, బడికోసం మా ఊళ్లో గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆయన నడక చప్పుడుకే తరగతి గప్‌చుప్ అయ్యేది. ఆ ఏడే ఎవరో హాజరు పుస్తకం మీద ఇంకు పారబోశారు. ఎవరని సారు అడిగితే అందరూ నేల చూపులు చూస్తుంటే, నేను లేచి నేనే సార్ అన్నాను, నిజంగా నేనే కాబట్టి. చెక్క స్కేలుతో అరచేతులు వాచేలా కొట్టారు. అలాంటి సారు నా గురించి మంచి రాస్తారన్న ఆశ నాకైతే లేదు. బడి చివరి రోజున కవరు అంటించి, అతుకు మీద సంతకం చేసి, బడి ముద్ర వేసి, "దీన్ని మీరు తెరవకూడదు, అక్కడివాళ్లే తెరవాలి. అమ్మతో చెప్పు" అని నా చేతికిచ్చారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆవకాయకు కాయలు కొట్టిస్తోంది. టెంకలోని జీడి తీసే పని నాది. ఆ పుల్లటి వాసనలో, ముక్కలకు ఉప్పు అద్దుకుని తినే హడావుడిలో కవరు అమ్మకిచ్చాను గాని సారు మాట చెప్పడం మరిచిపోయాను. సాయంత్రం చూస్తే అమ్మ ఉడుకుతున్న అన్నం ఆవిరి మీద కవరు పట్టి, సంతకం చెదరకుండా తెరిచి కూర్చుంది. అయ్యో, ఇప్పొద్దన్నడమ్మా సారు అన్నాను. "పైన పెడితె కవర్‌కు పెట్టినట్టయితది గని లోపలి కాయితానికి పెట్టినట్టెట్లయితదే? సీటిచ్చేది కవర్ జూసా, కాయితం జూసా?" అంది. నేను చూస్తుండగానే నాలుగు మూలలా పెట్టేసింది. పసుపు ఆరేలోగా, "ఏం రాసిండో సదువు" అని కాగితం నా ముందు పెట్టింది.

అది స్కూలు వాళ్లు పంపిన ప్రశ్నల కాగితం. నడవడికకు ఒక ఉదాహరణ రాయమన్న చోట సారు ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాశారు. కూడబలుక్కుని చదివాను. 'ఈ అమ్మాయి అబద్ధం చెప్పదు. తరగతి మొత్తం దాచిన తప్పును తనే లేచి ఒప్పుకుంది. అయినా నేను కొట్టాను. అది నా తప్పు.' మంచిగనే రాసిండమ్మా అని మాత్రం చెప్పాను. అమ్మ రెండు అన్నం మెతుకులు నలిపి కవరు మళ్లీ అంటించి కొరియర్‌లో వేసింది.

పక్షం రోజులకు నాయన ఫోన్ చేశాడు. స్కూల్లో ఆయన ఎదుటే కవరు తెరిచారట. అంచున ఎండిన మెతుకు, లోపల నాలుగు పసుపు మచ్చలు. ఇది ఇంట్లోవాళ్లే రాసుకున్నదేమోనని పక్కన పెట్టేశారు. నెలాఖరులోగా అదే సారు రాసిన ఇంకో ఉత్తరం, అతుకు మీద ఆయన సంతకంతో రావాలి, లేకపోతే సీటు ఇంకొకరికి. "పోస్టుల పోయిందని చెప్పి ఇంకోటి రాపియ్యండ్రి. ఇప్పినమని చెప్తె సారు రాయడు" అన్నాడు నాయన.

మర్నాడు పొద్దున్నే, సెలవులకు ఇంటికి వెళ్లిన సారు కోసం, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాం. కిటికీలోంచి నిప్పుల మీది గాలి. దారి పొడుగునా అమ్మ పెదవులు కదుపుతూ అబద్ధాన్ని నేర్చుకుంటూనే ఉంది, పాపం, ఆమెకూ అలవాటు లేదు. సారు లుంగీ, బనీనుతో అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. అలా చూస్తే ఆయనంటే ఎందుకు భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

"ఇంత ఎండలో వచ్చారేంటమ్మా? కూర్చోండి, మంచినీళ్లు తాగండి" అన్నారు.

అమ్మ చెంబు పట్టుకుని, "సార్, గా కాయితం పోస్టుల..." అని ఆగింది. సారు నా వైపు చూశారు. ఈ మనిషి నా గురించి రాసిన మాట నాకు తెలుసు. సీటు పోతే పోయింది, నాయన మూడేళ్లు రాకపోతే రాకపోయాడు, ఆయన ముందు మాత్రం నా నోటికి అబద్ధం రాలేదు.

"పోలేదు సార్. మేమే ఇప్పినం. పసుపు వెట్టనీకి. నేను సదివిన కూడ."

అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. సారు చేతిలోని చింతపండును కింద పెట్టారు. తర్వాత, "అది నీతో చెప్పాల్సిన మాట స్వప్నా. చెప్పలేక వాళ్లకు రాశాను" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన చేతులు కడుక్కుని లోపలికెళ్లి, నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి మేం తెచ్చిన కొత్త ప్రశ్నల కాగితం మీద మళ్లీ అవే మాటలు రాశారు. అతికించే ముందు అమ్మ వైపు తిరిగి, "కానివ్వండమ్మా, మీ పసుపు కూడా పెట్టేయండి" అని ఇంట్లోంచి గిన్నె తెప్పించారు. కింద ఇంగ్లీషులోనే ఇంకో వరుస చేర్చారు: ఈ పసుపు పిల్ల తల్లి నా ఎదుటే పెట్టింది, ఇది మా దగ్గర శుభానికి చేసే పని.

సీటు వచ్చింది. మూడేళ్లూ ముగ్గురం ఒకే కంచం చుట్టూ కూర్చుని తిన్నాం.

తిరిగి వచ్చేసరికి మా వీధి పక్కనున్న మిల్లులు ఊరి బయటికి వెళ్లిపోయాయి, అరుగులు కొట్టేసి షాపులు కట్టారు, ఇప్పుడక్కడ బట్టలు తెల్లగా ఆరుతాయి. సారు కూడా కాలం చేశారు. ఆయన ఆ మాట అన్నప్పుడు నేను ఏడ్చానే గాని ఒక్క ముక్క బదులు చెప్పలేదన్న బాధ నాకు ఇంకా ఉంది. మా పాప గురించి వాళ్ల టీచర్ రాసేది ఇప్పుడు ఆమె కంప్యూటర్ నుంచి నేరుగా స్కూలుకు వెళ్తుంది. నాకు కనపడదు, పాపకు అసలే కనపడదు. నిన్న ఆమెకు ఫోన్ చేశాను. మీరేం రాశారో నాకు చెప్పొద్దు మేడం, మంచైనా చెడైనా పాపతో మీరే చెప్పండి అన్నాను. "పాపకివ్వండి ఫోన్" అంది ఆమె. ఇచ్చి, తలుపు దగ్గరికేసి బయటికొచ్చాను.