పాపిడాకులో చుక్కలు

బస్తర్ ఇంకా రాజుగారి రాజ్యంగా ఉన్న రోజుల్లో కొంటాలో మాకు ఉప్పు దుకాణం ఉండేది. దుకాణం వెనక పెరడు, పెరడు దాటితే అడవి. నానమ్మకు మోకాళ్ళు వాచేవి. అడవిలో దొరికే పాపిడాకు వేడి చేసి కాపడం పెడితేనే మంచం దిగేది. ఆకు తెచ్చేది నేను. తెచ్చిన ప్రతి ఆకునూ ఆమె ఎండకు పట్టి చూసేది. పచ్చటి ఆకులో దోమలు వాలినట్టు నల్లటి చుక్కలు కనబడేవి. చుక్కలున్న ఆకు ఒళ్ళోకి, లేనిది మేకకు. ఎందుకని అడిగితే, "మా అత్త అట్లనే చూసేది" అనేది.

ఒక ఏడు ఆ అడవి సర్కారు హద్దులోకి పోయింది. జంగల్ గార్డు నా తట్ట లాక్కుని ఆకులన్నీ దారిలో కుమ్మరించాడు. నానమ్మ మంచం పట్టింది. పెరట్లోకి పోవాలన్నా అమ్మే ఎత్తుకుపోవాలి.

గార్డును బతిమాలుకొమ్మన్నారు ఇరుగుపొరుగు. అమ్మ ఒప్పుకోలేదు. "పెరట్లోనే పెంచుతా" అంది.

"నువ్వేసిన సొరపాదే పందిరెక్కలే. అడవి చెట్టు లేస్తదా ఏంది?" అంది నానమ్మ.

"చూడత్తా, నీకంటే ముందే లేస్తది."

దోర్నపాల్ సంత, ఆకు తెచ్చినా దారిలోనే వాడిపోయేంత దూరం. అక్కడికి బండి మీద పోయినప్పుడు దారి పక్క పాపిడి చెట్టు నుంచి నల్లటి పండ్లు కొంగున కట్టుకొచ్చింది. తొందరగా మొలవాలని గింజలను వేడినీళ్ళలో నానబెట్టింది. వానలకు మొలకలు వచ్చాయి. వచ్చి, ఆకులు ముడుచుకుని అక్కడే కూర్చున్నాయి. అమ్మ పేడ వేసింది, నీడకు తడిక కట్టింది, పుట్టమన్ను మోసుకొచ్చి పోసింది. జానెడు కూడా లేవలేదు.

"నీ మొక్కలక్కూడా నా మోకాళ్ళే వచ్చినయి కోడలా" అని నవ్వింది నానమ్మ. నవ్వుతూనే ఒక ఆకు తెమ్మని ఎండకు పట్టింది. నవ్వు ఆగింది. "చుక్కల్లేవు."

అమ్మ పోయి ఒక్కో మొక్కా చూసింది. దేనికీ లేవు. తిరిగొచ్చి పొయ్యి వైపు చూస్తూ నిలబడింది.

"ఆ వేడినీళ్ళతోనే చంపిన."

"గింజ మొలిచింది కదనే?"

"గింజ కాదత్తా. దాంట్ల ఇంకేందో ఉండె. అది చచ్చింది."

ఆ చుక్కల్లో కంటికి ఆనని సూక్ష్మజీవులు కాపురముంటాయని, తల్లి చెట్టు నుంచి గింజతోపాటే పిల్లచెట్టుకు వస్తాయని, అవి లేకపోతే మొక్క ఎదగదని ఇప్పుడు మా మనవరాలు చెబుతోంది. అమ్మకు అదంతా తెలియదు. పండ్లు మళ్ళీ పండేదాకా ఆగి, మళ్ళీ దోర్నపాల్ పోయింది. ఈసారి పండు చిదిమి, గింజను పచ్చిగానే నాటింది. ఆలోపు నానమ్మ కాళ్ళకు వేడి ఇసుక మూటలే దిక్కయ్యాయి.

మొక్కలు నడుమెత్తు వచ్చిన ఏడు నేను ఆకు కోయబోతుంటే నానమ్మ కేకేసింది. "ఆగు, నేనే వస్తా."

అమ్మ భుజం పట్టుకుని, గుమ్మం దగ్గర ఒకసారి, అరుగు దగ్గర ఒకసారి ఆగి, వచ్చింది. ఒక ఆకు తెంపి ఎండకు పట్టింది. చాలాసేపు చూసింది.

నానమ్మ ఆకును ఒళ్ళో వేసుకుంది. "ఇంకో నాలుగు కొయ్యి" అంది.