ముఖం మీద కత్తెర పెట్టని అత్త

మిషనత్త పోయిందన్న కబురు నాకు పెనుకొండ బస్టాండులో అందింది. కాళ్ళ దగ్గర పాత ఫ్లెక్సుల చుట్ట, చేతిలో సగం తాగిన టీ. ఫోను చేసింది ఆమె కొడుకు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి గోడకు ఆనుకోని కూచునింది. అంతే," అన్నాడు. హిందూపురం బస్సెక్కితే ఆ చుట్టకు లగేజీ టికెట్ కొట్టాల్సిందేనన్నాడు కండక్టరు. మామూలుగా అయితే దిగేదాకా అతనితో పోట్లాడేదాన్ని. ఆ రోజు అడిగినంత ఇచ్చి టికెట్ తీసుకున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. హిందూపురంలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. మా వీధిలో మొట్టమొదట కుట్టుమిషను కొన్నది ఆమే కాబట్టి పిల్లలకూ పెద్దలకూ మిషనత్త అయింది. ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. చూపు తగ్గి, హుక్కులు పెట్టడం కష్టమయ్యాక సంచుల్లోకి దిగింది. "జాకెట్టు అర అంగుళం తప్పితే వీధంతా తెలుస్తాది. సంచి తప్పితే వంకాయలకేమి తెలుస్తాది మే," అనేది.

గుడ్డ మాత్రం కొనలేదు. మా ఊళ్ళల్లో పుట్టినరోజుకూ ఫ్లెక్సే, గెలుపుకూ ఫ్లెక్సే, చావుకూ ఫ్లెక్సే. నాలుగు రోజులయ్యాక దించి పారేసేవాటిని తెచ్చి, సబ్బుపొడితో కడిగి, పిట్టగోడ మీద ఆరేసేది. పట్టీలకూ అంచులకూ ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిపోయిన చీర అంచుముక్కలు. బయటికి పూలూ అక్షరాలూ వచ్చే ముక్కలు వేసి, ముఖాలున్నవి లోపలికి వేసేది. మీలో ఎవరింట్లోనైనా జరీ పట్టీల ఫ్లెక్సు సంచి ఉంటే ఒకసారి లోపలికి తొంగిచూడండి. ఎవరో నాయకుడు మీ వంకాయల కింద నమస్కారం పెడుతూ ఉంటాడు. "ఇన్ని దినాలు మనల్ని పైనుంచి చూసినారు కదా, రవంతసేపు కూరగాయల్ని చూడనీ," అని అత్త నవ్వేది. నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పేది. బయట పెడితే ముఖం ఎండకు వెలిసిపోతుందట, లోపలైతే నిలుస్తుందట.

ఫ్లెక్సు మిషను పాదం కింద జారదు, అతుక్కుంటుంది. అందుకని కుట్టే ముందు దాని మీద పౌడరు చల్లి అరచేత్తో రుద్దేది. ఆ ఇంట్లో ఎప్పుడు అడుగుపెట్టినా పౌడరు వాసనే. తను మాత్రం పెళ్ళికి పోయినా ఒట్టి ముఖంతోనే పోయేది. ఏమత్తా అంటే, "నా పౌడరంతా లీడర్లే పూసుకుంటాండారు," అనేది.

నేను గార్మెంట్ ఫ్యాక్టరీ మానేసి ఇంట్లో కూర్చున్నప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళాను. ఏడేళ్ళ పాటు అక్కడ కాలర్లు తప్ప ఇంకోటి కుట్టలేదని చెప్తే, "కాలరొకటి తొడుక్కోని ఎవరు తిరుగుతారు మే," అని మిషను నా వైపు తిప్పింది. అలా మొదలైంది నా బతుకుతెరువు. ఇప్పుడు నేను సొంతంగా సంచులు కుట్టి సంతల్లో అమ్ముతున్నానంటే అది ఆమె పుణ్యమే.

అత్త పెట్టిన నియమం ఒకటే. "మొగం మీద కత్తెర పెట్టొద్దు." ముఖం చుట్టూ వదిలేసి కత్తిరించాలి. ఆ నియమం వల్ల ఒక సంచి పోయినా సరే. ఇది నాకు వట్టి చాదస్తంగా తోచేది. గుడ్డ వృథా కాకూడదన్నది ఫ్యాక్టరీలో నా చేతికి పట్టిన అలవాటు. ఒకరోజు అత్త అంచుముక్కల కోసం ధర్మవరం వెళ్ళింది. నా ముందు పెనుకొండ నుంచి తెచ్చిన ఫ్లెక్సు ఉంది. ఎవరో చనిపోయి ఏడాదైనందుకు కట్టింది. సరిగ్గా నడిమికి కోస్తే రెండు సంచులు, ముక్క కూడా మిగలదు. కోసేశాను. చూసేవాళ్ళెవరని రెండింటికీ ఆ ముక్కలు బయటికే వేసి కుట్టేశాను. పెనుకొండ సంతలో రెండూ అమ్ముడైపోయాయి.

పది రోజులకు ఒకామె వాటిలో ఒక సంచి పట్టుకుని అత్త ఇంటికొచ్చింది. సంతలో ఎవరి చేతిలోనో చూసి, బతిమాలి తీసుకుందట. జరీ పట్టీలు చూపించి అడిగితే ఈ ఇల్లు చెప్పారట. మంచం మీద పరిచింది. ఒక కన్ను, సగం మీసం, సగం నవ్వు.

"ఈయన మా ఇంటాయన," అంది. "ఇంగో సగం యాడ పెట్టినారు?"

అరిచి ఉంటే నాకు బాగుండేది. అరవలేదు. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు ఫోటో పెద్దది చేయించిందట, అందులో కోపంగా ఉంటాడట. నవ్వుతున్న ఫోటో ఇదొక్కటే. అదున్న ఫోను పాడైపోయిందట, ఫ్లెక్సు గాలికి ఊడి ఎటో పోయింది అనుకుంటూ ఉందట. అత్త నా వైపు చూడలేదు. ఆమెకు నీళ్ళిచ్చి, "తప్పు నా కత్తెరది తల్లీ. తెచ్చిస్తా," అంది.

మోకాళ్ళ నొప్పితో మూడు వారాలు పెనుకొండ సంతకు వచ్చింది నాతో. ఎదురొచ్చిన ప్రతి చేతిసంచినీ చూశాం. చివరికి అది బస్టాండు పక్క టీ అంగట్లో, పొయ్యి వెనక మేకుకు కనిపించింది. నిండా పాల ప్యాకెట్లు. కొత్త సంచి ఇస్తామన్నా టీ అంగడాయన ఇవ్వనన్నాడు. అత్త సంగతంతా చెప్పింది. ఆయన పాల ప్యాకెట్లు గిన్నెలోకి ఒంపి, సంచిని తన తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. "దినామూ నన్నే చూస్తాండె ఈయప్ప. నేనే పట్టించుకోలేదు," అన్నాడు.

తిరుగు బస్సులో అత్త నన్ను తిట్టిన తిట్టు ఇదొక్కటే. "నువ్వు గుడ్డను చూసినావు. నేను మనిషిని చూడమంటి." సీటులో ముఖం దాచుకుని ఏడ్చాను. ఆమె కిటికీ వైపు జరిగి నాకు చోటిచ్చింది.

ఆ రెండు సగాలనూ మిషను మీద కాదు, చేత్తో కలిపింది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, మధ్యాహ్నమంతా. నుదుటి నుంచి గడ్డం దాకా సన్నటి కుట్టు. సంచి తెచ్చినామె వచ్చి చూసి, "నవ్వుతాండాడు," అంది. ముఖం మడత పడకుండా చుట్టి తీసుకుపోయింది.

తర్వాతెప్పుడో ఒక ఫ్లెక్సు చుట్టుతూ అత్త అంది. "నేను పోతే ఈ వీధోళ్ళు ఊరుకోరు. ఫ్లెక్సు కట్టేస్తారు. మొగం చిన్నది వేయమని చెప్పు మే, గుడ్డ మిగుల్తాది."

చెప్పడం మరిచిపోయాను. ఆ రోజు పెనుకొండ నుంచి వచ్చేసరికే ఫ్లెక్సుకు ఆర్డరిచ్చేశారు. మర్నాడు వీధి మొగదల కట్టారు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అత్త ముఖమే. జుట్టు నల్లగా చేసేశారు. కింద నిలబడి నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను.

పదకొండో రోజు దివసాలు అయ్యాక ఆమె కొడుకు దాన్ని చుట్టి తెచ్చాడు. "పారేయలేనక్కా. ఇంట్లో పెట్టుకోని చూడలేను. నువ్వే ఏమన్నా చెయ్," అన్నాడు. కడిగాను, పిట్టగోడ మీద ఆరేశాను, నేల మీద పరిచాను. చేతిలో అత్త కత్తెరే. ఎటు తిప్పి చూసినా ముఖం తప్పించి కోసే చోటు లేదు. ఫ్యాక్టరీ చెయ్యి మాత్రం రెండు పెద్ద సంచులని లెక్కేసి చెప్తూనే ఉంది.

కత్తెర పక్కన పెట్టేశాను. కళ్ళూ ముక్కూ నవ్వూ అడుగున వచ్చేలా నాలుగు వైపులా పైకి మడిచాను. ఇక మూలలు కుట్టాలి. పౌడరు కుట్టు పోయే చోట చల్లితే చాలు. నా చెయ్యి అక్కడ ఆగలేదు.

ఆ పెద్ద సంచి ఇప్పుడు నా మిషను పక్కనే ఉంటుంది. కోయగా మిగిలిన ముక్కలన్నీ అందులో వేస్తాను. నిండితే ఖాళీ చేస్తాను. ఖాళీ అయినప్పుడల్లా అడుగు నుంచి అత్త నా వైపు చూస్తుంది, రెండు బుగ్గలకూ తెల్లగా పౌడరుతో.