వంతు ఆబ్జెక్ట్ నలభై మూడు

రెండో పంటగా వేసే దాళ్వా వరి కంకి తీసే ముందు పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్ల వంతు ఒకటి తప్పితే చేను వాడుతుంది. రెండు తప్పితే గింజ పట్టక తాలే. పెంటపాడు శివారున ఎకరన్నర కౌలుకు చేసుకుంటున్న ఒకావిడకు మొన్నటి దాళ్వాలో ఒక వంతు తప్పింది. రెండోది ఇంకో రెండు రోజుల్లో ఉందనగా తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడే చెప్పింది. అందరి ఫోన్లకూ వంతు మెసేజి వస్తోందట, ఆవిడకు రావడం లేదట. తూము ఎత్తే లస్కరు తన ఫోన్లోని లిస్టు చూపించి, పేరు లేనిదే నీళ్లు వదలనన్నాడట.

ఆవిడ నా దగ్గరకు రావడం న్యాయమే. ఆ లిస్టు నా రిజిస్టరులోంచి పుట్టింది. ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసులో ఉన్నంత కాలం వంతుల రిజిస్టరు నేనే రాశాను. రిటైరయ్యాక రైతుల సంఘం వాళ్లు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. ఏలూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా మేనకోడలు ఊరికే ప్రోగ్రాం రాసిపెట్టింది. రిజిస్టరును గూడెంలో ఒక షాపులో టైపు చేయించారు. ఆ పని అయిపోయిందని ఆ రోజు డైరీలో సంతోషంగానే రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సంఘం ఆఫీసులో రిజిస్టరు అడిగి తీసుకుని ఏలూరు బస్సెక్కాను. ఊరు దగ్గరపడేదాకా మా ముందు కొల్లేటి చేపల లారీ, దాన్నుంచి కారే ఐసు నీళ్ల కంపు. అంతకంటే పెద్ద రోత మేనకోడలి ఇంట్లో ఎదురైంది.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఆ అమ్మాయి రికార్డులన్నీ తెర మీదకు తెచ్చింది. వంతు ఆబ్జెక్ట్ ఒకటి. వంతు ఆబ్జెక్ట్ రెండు. వంతు ఆబ్జెక్ట్ మూడు. పేజీ జరిపినకొద్దీ అదే. మనిషి లేడు, పొలం లేదు, తూము లేదు. ఆబ్జెక్ట్ అంటే ఒక రైతు వంతు వివరాల మూట అని, ఒక్కోదాని లోపల అన్నీ ఉంటాయని, నొక్కితే తెరుచుకుంటుందని చెప్పింది. ఒకటి తెరిచింది, చదివింది, మూసింది. పదోది తెరిచేసరికి మొదటిదాంట్లో ఏముందో ఇద్దరికీ గుర్తు లేదు. అవి రెండు వందల పైచిలుకు ఉన్నాయి.

డైరీలో ఏ పేజీ తిప్పినా తేదీ, వారం, వెళ్లిన ఊరు పైవరసలోనే ఉండాలని పట్టుబట్టి బతికినవాణ్ణి. బీరువా నిండా ఒకే రంగు అట్టలేసి, అన్నిటి మీదా పుస్తకం, పుస్తకం అని రాసిపెట్టినట్టుంది ఆ తెర. ఇంత చదువుకుని ఇలా ఎలా పెట్టుకున్నావని అడిగాను. ఆ అమ్మాయికి కష్టం తోచింది.

"అది మేం చూసుకోడానికే మావయ్యా. జనానికి కనపడదు."

"మరి పొద్దుట్నుంచీ చూసుకుంటున్నావు కదమ్మా, నీకేమైనా కనపడిందా?"

కాసేపు కీబోర్డు మీద గట్టిగా కొట్టింది. ప్రతి రికార్డూ తనను తాను ఎలా చెప్పుకోవాలో మిషనుకు నేర్పాలట. అది రెండు మూడు వరసల పనట. ముందే చెయ్యాల్సింది, చిన్న ప్రోగ్రామే కదా అని వదిలేశానంది. ఏమేం చూపించమంటారు అని అడిగితే చెప్పాను: రైతు పేరు, పొలం నెంబరు, తూము, వారం, గంట. ఈ వరసలోనే.

మళ్లీ తెరిస్తే పేజీ మా సెక్షన్ ఆఫీసు పేజీలా అయింది. తెర మీద వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ దిగాను. నలభై మూడో వరసలో ఆవిడ పేరు ఉంది. పొలం నెంబరూ సరిగ్గానే ఉంది. తూము అన్నచోట డిటో అని ఉంది.

మేనకోడలు కూడా చూసింది. ఆ పేరుతో తూము ఏదీ లేదు కాబట్టి ప్రోగ్రాం ఆవిడను ఏ వంతులోనూ చేర్చలేదని మెల్లగా చెప్పింది. టైపు చేసినవాళ్లను తిట్టబోయి, సంచీలోంచి రిజిస్టరు తీశాను. మిగతా పేజీల్లో నేను పై వరసలో తూము పేరు రాసి, కింద పైదే అన్న గుర్తుగా డిటోలు పెట్టుకుంటూ పోయాను. టైపు చేసినవాళ్లు వాటినన్నిటినీ పైన చూసి సరిగ్గానే నింపారు. ఆవిడ పేరు మాత్రం కొత్త పేజీ మొదటి వరసలో పడింది. అక్కడా డిటో అనే రాశాను. దాని పైన ఏమీ లేదు.

కొత్త పేజీ డిటోతో మొదలెట్టిన గుమాస్తాల మొహాన నేను రిజిస్టర్లు తిప్పికొట్టిన రోజులున్నాయి. వాళ్లెవరూ ఇప్పుడు అక్కడ లేకపోవడం నా అదృష్టం.

వెనక పేజీ చివర ఒక తూము పేరు ఉంది గానీ, నా రాతను నమ్మబుద్ధి కాలేదు. ఆవిడకే ఫోన్ చేశాను.

"మా తూమేదో నన్నడుగుతున్నారాండీ? రాసింది మీరే కదండీ," అంది. తర్వాత చెప్పింది.

మేనకోడలు దిద్దింది. నేను లేచేలోపే ఆవిడకు మెసేజి వెళ్లింది.

వంతు రోజున పెంటపాడు వెళ్లి బోదె కాలవ గట్టు మీద నిలబడ్డాను. లస్కరు తూము ఎత్తాడు. నీళ్లు పై మడిలోకి పారాయి, తర్వాత కింది మడిలోకి. ఆవిడ గట్టు సర్దుకుంటూ ఉండిపోయింది. కోతలప్పుడు తెలిసింది, పై మడి దక్కింది, ముందు తప్పిన వంతుకే కింది మడి సగం తాలు పోయింది.

ఆ సగం మడి సంగతి డైరీలో ఆవిడ పేరు, పొలం నెంబరు, తూముతో సహా పూర్తిగా రాశాను.