గోనెపట్టా మీద టీచరమ్మగారు

తొంభయ్యారు తుఫానులో కొబ్బరిచెట్టు మీదపడి మా టీచరమ్మగారి భర్త చనిపోయారు. ఆ ఆదివారం మామిడికుదురు చర్చిలో పాస్టరుగారు, ఇది మన పాపాలకు దేవుడి తీర్పని, బైబిల్లో నీనెవె ఊరివాళ్లు గోనెపట్టా కట్టుకున్నట్టు మనమూ పశ్చాత్తాపపడాలని ప్రసంగించారు. అందరం ఏడ్చాం. మరుసటేటి వరికోతలనాటికి మామూలైపోయాం. ఆమె మాత్రం ఏళ్ల తరబడి వెనకగోడ దగ్గర గోనెపట్టా పరుచుకుని ఒక్కరే కూర్చునేవారు. ఎవరు పలకరించినా, "నాదేనండీ తప్పు," అనేవారు.

ముసలివారైపోయిన పాస్టరుగారు ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డారు.

"ఆవేళ నేను తప్పు చెప్పేనమ్మా. మీ పాపం ఏమీ లేదు. లేచి ముందుకి రండి."

"ఆయ్," అన్నారామె. "నా పాపం కాదంటే, మరి ఆయన ఊరికే పోయేరాండీ?" అని అడిగారు.

పాస్టరుగారు లేవలేదు. ఆరోజు మాకు ప్రసంగం లేదు.