గోవాడ ఎక్స్‌ప్రెస్ మెంబర్‌షిప్

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి ఆన్‌లైన్ గేము మెంబర్‌షిప్ అయిపోతుందని టీవీ తెర మీద ఎర్ర అక్షరాలు మూడు రోజులుగా చెబుతూనే ఉన్నాయి. సత్తిబాబు వాటిని పట్టించుకోలేదు. గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీకి ముప్ఫయ్యేళ్లు చెరకు లారీ తోలిన మనిషి ఆయన. తండ్రి ఎప్పుడో ఒక్కసారి వాటా కట్టి అక్కడ మెంబరయ్యాడు. పోయేదాకా మెంబరే, పోయాక ఆ వాటా కొడుక్కొచ్చింది. మెంబరంటే అదీ. ఏడాది తిరిగేసరికి ఊడిపోయే మెంబర్‌షిప్ ఒకటుంటుందంటే ఆయన బుర్రకెక్కలేదు. అందుకే మళ్ళీ కడతారా అని తెర అడిగినప్పుడు వద్దని నొక్కేశాడు.

గేము పెట్టె అసలు మనవరాలు ఝాన్సీది. అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగం వచ్చాక తన కోసం కొనుక్కుంది. మోకాలి ఆపరేషనై తాత లారీ దిగిపోయాక, దిగులు పెట్టుకుంటాడని లారీల రేసు ఒకటి చూపించింది. అంతే, పెట్టె మళ్ళీ ఆమె చేతికి రాలేదు.

"ఒక్కడివే ఆడుకుంటే ఊరికే వస్తాది తాతా. ఊరూపేరూ తెలీనోళ్ళతో ఆడ్డానికి డబ్బులు కట్టడమేటి?" అనేది ఝాన్సీ.

"ఒక్కడూ తోలితే అది రేసేటే? డ్రైవింగ్ స్కూలు!" అనేవాడు సత్తిబాబు.

ఆయన మాట సొంతూరు చోడవరంలో ఎవరూ నమ్మరు. కొండ దిగుడులో బ్రేకులు పోయిన లారీని గట్టిగా అరిచి ఆపానంటాడు. రైవాడ కాలవలో పది టన్నుల చెరకుతో లారీని ఈదించానంటాడు. వినేవాళ్ళు నవ్వి టీ ఇప్పిస్తారు. ఆయనా నవ్వి తాగుతాడు.

శుక్రవారం మూడింటికి పావుగంట ముందు రేసు మొదలైంది. ఎనిమిది లారీలు. సత్తిబాబు లారీ పేరు గోవాడ ఎక్స్‌ప్రెస్. పక్కనే గేర్ కింగ్. ఈ గేర్ కింగ్‌ని ఆయన కళ్ళతో చూసింది లేదు. చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్‌లో వినిపించే గొంతు ఒక్కటే తెలుసు. బుచ్చయ్యపేట కుర్రాడనీ, కరెంటు స్తంభమెక్కి పడ్డాడనీ, కాలికి సిమెంటు కట్టుతో మంచం మీదున్నాడనీ మాత్రం తెలుసు.

ఆఖరి చుట్టులో గేర్ కింగ్ లారీ రోడ్డు దిగి ఆగిపోయింది.

"ఏట్రా, నిద్రోయేవేటి?"

"తాతా... పాము."

"ఎక్కడ్రా?"

"మంచమెక్కింది. కాలి కట్టు మీద చుట్టుకుని పడుకుంది. పడగుంది తాతా."

సత్తిబాబు తన లారీ కూడా ఆపేశాడు. "ఇంట్లో ఎవులున్నారు?"

"అందరూ పొలానికెళ్ళేరు. ఫోను కిటికీలో ఉంది. కదిల్తే కాటేస్తాది. గట్టిగా అరిచినా కాటేస్తాదేమో."

"నీ పేరేటి? ఇల్లెక్కడ? సెప్పు బేగి!"

జవాబు వచ్చేలోపు రేసు ముగిసింది. తెర నల్లబడి ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇతరులతో కొనసాగాలంటే మెంబర్‌షిప్ తీసుకోండి. గోడ గడియారంలో మూడు దాటి ఒక నిమిషం. చెవిలో కుర్రాడి గొంతు కూడా తెగిపోయింది.

సత్తిబాబు కట్టేస్తానని నొక్కాడు. ఓటీపీ అడిగింది. అది వెళ్ళేది ఝాన్సీ ఫోనుకి. మొదటిసారి చేస్తే ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"తాతా, కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. ఏటి?"

"నీకు ఓటీపీ వచ్చుంటాది. సెప్పే!"

"వద్దని నొక్కింది నువ్వే కదా? ఇప్పుడు ఆట ఆగిపోయిందేటి?"

"ఆట కాదే! ఒక కుర్రోడి కాలి మీద పాము పడుకుంది!"

"ఏ లారీలో?"

"బుచ్చయ్యపేటలో, మంచం మీద!"

ఝాన్సీ నవ్వింది. "సరే, ఎన్నడుగులు? మణి కూడా ఉందా?"

ఇంకెప్పుడైనా అయితే సత్తిబాబు ఇరవై అడుగులనేవాడు, మణి వెలుగులో పేపరు చదవొచ్చనేవాడు. ఇప్పుడు నోరు తెరిచాడు గానీ ఏమీ తయారుకాలేదు.

"తెలీదే. నాను సూళ్ళేదు. ఆడి పేరు కూడా తెలీదు."

అవతల నవ్వు ఆగింది. తాత నోటివెంట తెలీదన్న మాట ఝాన్సీ పుట్టి బుద్ధెరిగాక విన్లేదు. మారు మాట్లాడకుండా ఆరంకెలు చెప్పింది. సత్తిబాబు తొందరలో ఒక అంకె తప్పు నొక్కి, చెరిపి, మళ్ళీ కొట్టాడు. చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. తర్వాత లారీలన్నీ వరసగా కనబడ్డాయి.

"ఒరే, ఉన్నావా?"

ముందు ఊపిరి వినిపించింది. తర్వాత మాట.

"తలెత్తింది తాతా."

"కదలకు. పేరు?"

"ఉదయ్‌కుమార్. రైస్‌మిల్లు ఎనకాల... పచ్చ గేటు."

బుచ్చయ్యపేటలో చెరకు ట్రాక్టరు తోలే పరదేశి ఆయనకి పాతికేళ్ళుగా స్నేహితుడు. సత్తిబాబు అతనికి ఫోను చేసి, రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు. పరదేశి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఆ గొంతులో కథ లేదని అతనికీ తెలిసినట్టుంది.

తరువాతి రేసు దానంతటదే మొదలైంది. అందరూ దూసుకుపోయారు. రెండు లారీలు గీత దగ్గరే నిలబడిపోయాయి. వెనకనుంచి ఎవడో హారన్ కొట్టి, గుద్ది, తిట్టుకుంటూ పోయాడు.

సత్తిబాబు హెడ్‌సెట్ చెవికి అదుముకున్నాడు. ఎక్కడో గేటు కిర్రుమంది. "ఊపిరి కూడా మెల్లగా తీసుకో బాబూ," కిటికీ అవతలనుంచి పరదేశి గొంతు. చెరకాకు గరగరలాడింది. ఆకులతో ఉన్న పొడవాటి చెరకు గెడని ఊచల మధ్యనుంచి తోస్తున్నట్టున్నాడు. గరగర ఆగింది. దబ్బుమని చప్పుడు. ఎవరో కేక పెట్టారు.

"ఒరే ఉదయ్! ఒరే!"

మళ్ళీ పిలిచాడు.

"తాతా." కుర్రాడు వెక్కుతున్నాడు. "పాము గెడకి చుట్టుకుంటే కిటికీలోంచి లాగేసేడు. తోటలోకెళ్ళిపోయింది. ఏటీ అవలేదు."

సత్తిబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. చొక్కా తడిసి వీపుకంటుకుంది. పక్కన ఫోను మోగుతోంది, ఝాన్సీ. ఎత్తి, "బతికేడే," అని మాత్రం అన్నాడు.

"లైన్లోనే ఉండు తాతా," అన్నాడు ఉదయ్. "అమ్మొచ్చేదాకా."

"ఉంటాన్రా. అన్నం తిన్నావేటి?"

"నేదు."

"ఏం కూర?"

"వంకాయ," అన్నాడు కుర్రాడు, ముక్కు తుడుచుకుంటూ.