అందని కొస

నాడీకణాలు పెంచే ఆ ల్యాబులో అందరూ ఆవిడను గీతలక్క అంటారు. పెరుగుతున్న కణాల ఫొటోలు తెరమీద పెట్టుకుని, కణం నుంచి సాగే ఒక్కో కొమ్మ మీదా మౌసుతో గీత గీస్తూ, అది ఎటు తిరిగిందో, ఎక్కడ చీలిందో గుర్తించడం ఆవిడ పని. కుడిచెయ్యి గీస్తుంటే, ఎడమచేతి వేళ్ళు బల్లమీద వాటి మానాన అవి తడుముకుంటూ ఉంటాయి. కొమ్మ కొసకూ అలాంటి సన్నటి వేళ్ళే ఉంటాయి మరి. అవి చాచి, తగిలినదాన్ని పట్టుకుని, కొమ్మను ముందుకు లాక్కుపోతాయి. ఆవిడ పనిలో తప్పు వెతకబోతే కళ్ళు నొప్పి పుట్టాల్సిందే. అలాంటి మనిషి ఒకరోజు, పక్క కణం దాకా వచ్చి ఆగిపోయిన కొసను గీతతో కలిపేసింది.

"అక్కా, ఇక్కడ ఖాళీ ఉందిగా!" అంది వెనక నిలబడ్డ పరిశోధకురాలు, నవ్వుతూ.

"ఇంతదూరం వచ్చింది, అందుకోదంటావా?"

"ఏమో! తగిలితే నిలుస్తుంది, లేకపోతే వెనక్కి ముడుచుకుపోతుంది. రేపటి ఫొటోలో చూద్దాం."

గీతలక్క ఆ గీత చెరిపేసింది. సాయంత్రం ఇంటి మెట్లెక్కుతూ, కింది వాటాలో ఉండే చెల్లెలి తలుపు ముందు రోజూలాగే అడుగు నెమ్మది చేసింది. అమ్మ పోయిన నాడు మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి ఇద్దరికీ మెట్లు ఒకటే గానీ పలకరింపుల్లేవు. చెయ్యి బెల్లు దాకా వెళ్ళింది. వేళ్ళు విచ్చుకుని, మళ్ళీ ముడుచుకున్నాయి. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. అక్క బెల్లు నొక్కలేదు, చెల్లెలు గడియ తీయలేదు. ఇద్దరిలో ఒక్కరూ అక్కణ్ణుంచి కదలనూ లేదు.